కథ రాద్దాం రండి – 4వ పాఠం: "అన్నాడు" లేకుండా మాట్లాడించడం

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ గుర్తుందిగా, రోజూ బస్సులోనో టీ కొట్టు దగ్గరో చెవిన పడ్డ మాటలు ఓ ఐదు లైన్లు విన్నవి విన్నట్టే నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. రాయనివాళ్ళు ముందు ఆ పని చూడండి, ఇవాళ పనంతా వాటితోనే.

ఇప్పుడు అవి తీసి చదవండి. జనం అడిగినదానికి సూటిగా జవాబు చెప్పరు, గమనించారా? "అన్నం తిన్నారా?" అంటే "ఆఁ, పెట్టావులే పొద్దున" అంటాడు. అందులో ఆకలుంది, అలకుంది, ఇద్దరూ మొగుడూ పెళ్ళాలని కూడా తెలిసిపోయింది. మనమేమో కథలో "లేదు, అన్నాడు రాజు కోపంగా" అని రాస్తాం. నేనూ మొదట్లో పేజీకి పది "కోపంగా"లు, ఆరు "నవ్వుతూ"లు వేసేవాణ్ణి, ఓ పాత కథ తీసి ఎర్ర పెన్నుతో కొట్టేసుకుంటూ పోతే పేజీలో నీలం ఇంకు వెతుక్కోవాల్సొచ్చింది.

అసలు తెలుగులో మనకున్న సుఖమేంటంటే పిలుపు మారితే సంబంధం మారినట్టే. అప్పటిదాకా "ఏరా" అన్న అన్నయ్య ఉన్నట్టుండి "సరే, మీరే చెప్పండి" అన్నాడంటే ఇంక కోపంగా అని వేరే రాయాలా? క్రియ కూడా అంతే. కోస్తాలో "వచ్చాడు", సీమలో "వచ్చినాడు", తెలంగాణలో "వచ్చిండు", కరీంనగర్ వైపు "అచ్చిండు". కాకపోతే మీది కాని యాస జోలికి ఇప్పుడే పోకండి, సినిమాల్లో విని రాస్తే ఆ ఊరివాళ్ళు మొదటి లైన్‌కే పట్టేస్తారు.

1910లో గురజాడ రాసిన 'దిద్దుబాటు' మొదలయ్యేదే "తలుపు! తలుపు!" అన్న పిలుపుతో. ఎవరు, ఎక్కడ అని ముందు పరిచయం లేదు, అయినా తలుపు ఎందుకు తియ్యట్లేదో తెలుసుకుందామని మనం అక్కడే నిలబడిపోతాం.

ఇక ఈ వారం పని. ఇద్దరు మనుషులు, ఒకడికి డబ్బు కావాలి, కానీ డబ్బు, అప్పు, సాయం అనే మాటలు ఎక్కడా రాకూడదు. పేర్లు వద్దు, "అన్నాడు" వద్దు, పన్నెండు లైన్లు. ఇదిగో ఇలా:

"కొత్త బండా బావా? బాగుంది."

"బాగానే ఉంది గానీ ఈఎంఐలే నడ్డి విరుస్తున్నాయి. పిల్ల కాలేజీ ఎప్పట్నించి?"

"సోమవారం లోపు కట్టమన్నారు."

"కాఫీ తాగి వెళ్ళు."

బావ కుదరదు అనలేదు, కానీ చెప్పేశాడు. మీ లైన్లు రాశాక ఇంట్లో ఎవరిచేతైనా పైకి చదివించండి, మీరు చదవద్దు, మీ నోరు మీ తప్పుల్ని సర్దేస్తుంది. వాళ్ళకి నాలుక తడబడ్డ చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టి ఉంచండి, అక్కడ మీరు మాట కాదు వ్యాసం రాశారన్నమాట.

వచ్చే పాఠంలో ఈ పన్నెండింట్లో నాలుగు లైన్లు కొట్టేస్తాం, కాబట్టి వాటిని మరీ ముద్దు చేసుకోకండి.