మైనస్ పవర్ కంటికి రెటీనా ఆపరేషన్ అయ్యాక: ఏ లక్షణానికి ఏ కారణం, ఏం చేయాలి

చిన్ననాటి నుంచి మైనస్ అద్దాలతో పెరిగినవారికి చూపు ఏ కాస్త మసకబారినా పవర్ మారిందనుకోవడం అలవాటు. రెటీనా (కంటి లోపల వెనక గోడకు అంటుకుని ఉండే, చూపునిచ్చే పలుచని పొర) ఊడిపోయి ఆపరేషన్ చేయించుకున్న తరువాత ఆ అలవాటు ముప్పు తెస్తుంది. అప్పుడు మసకకు కారణాలు అనేకం. కొన్నింటికి వారాల తరబడి ఓపిక చాలు, కొన్నింటికి ఆ పూటే ఆసుపత్రికి చేరాలి. అమలాపురం, రాజోలు, నరసాపురం ప్రాంతాలవారికి రెటీనా వైద్యుడి కోసం కాకినాడకో, రాజమహేంద్రవరానికో, విజయవాడకో ప్రయాణం తప్పకపోవచ్చు కనుక, దేనికి బయలుదేరాలో ముందే తెలిసి ఉండాలి. అంతకన్నా ముందు డిశ్చార్జి కాగితం చూసి కంటిలో గ్యాస్ నింపారా, సిలికాన్ ఆయిల్ నింపారా, కంటిగుడ్డు చుట్టూ బిగించే పట్టీ (పైన కట్టే కట్టు కాదు) వేశారా అన్నది ఇంట్లో అందరూ తెలుసుకోవాలి. కింద చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

చూపులో నల్లని గీత కదులుతోంది

గ్యాస్ నింపిన కంటికి మొదటి రోజుల్లో చేతి కదలిక తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. గ్యాస్ కరుగుతున్నకొద్దీ చూపు పైనుంచి తెరుచుకుంటుంది, కిందిభాగంలో నల్లని గీత ఒకటి కదులుతూ ఉంటుంది. తాపీమేస్త్రి రసమట్టంలో బుడగ ఎలా ప్రవర్తిస్తుందో ఇదీ అంతే: తల పక్కకు వంచినా గీత మాత్రం నేలకు సమంగానే నిలుస్తుంది. చివరికి అది గుండ్రని బుడగగా మారి, ఒక్కోసారి చిన్నచిన్న బుడగలుగా విడిపోయి మాయమవుతుంది. ఎస్‌ఎఫ్6 అనే గ్యాస్ అయితే సుమారు 2 నుంచి 3 వారాలు, సి3ఎఫ్8 అయితే 6 నుంచి 8 వారాలు పడుతుంది. దీనికి మందు అవసరం లేదు.

పక్క నుంచి నల్లని తెర వస్తోంది

పై లక్షణంతో దీన్ని పొరబడటం చాలా తేలిక, పొరబడితే నష్టం చాలా పెద్దది. గ్యాస్ గీత తల వంపును బట్టి జాగా మారుతుంది, రోజురోజుకూ కిందికి తగ్గుతుంది. రెటీనా మళ్లీ ఊడితే వచ్చే నీడ అలా కాదు. తల ఎటు తిప్పినా చూపులో తన జాగాలోనే ఉండి, గంటగంటకో రోజురోజుకో మధ్యకు పాకుతుంది. దీనికి సాధారణ కారణం రెటీనా మీద మచ్చకణజాలం పెరిగి దాన్ని ముడుచుకుపోయేలా లాగడం, లేదా రెటీనాలోని పాత రంధ్రం తెరుచుకోవడం, కొత్తది పడటం. ఎక్కువగా ఇది మొదటి రెండు నెలల్లో జరుగుతుంది. నొప్పి ఏమాత్రం ఉండదు కనుక చాలామంది వరికోతలు అయ్యాక వెళదామనో, పండుగ దాటనిద్దామనో ఆగుతారు. ఆగకూడదు. రోజూ ఉదయం ఒకే చోట కూర్చుని, బాగున్న కన్ను మూసి, ఎదురు గోడ మీది క్యాలెండర్ మధ్యలో చూపు నిలిపి నాలుగు మూలలూ కనిపిస్తున్నాయో లేదో గమనించుకోవాలి. నిన్న కనిపించిన మూల ఇవాళ కనిపించకపోతే ఆపరేషన్ చేసిన వైద్యుడికి ఫోన్ చేసి ఆ రోజే బయలుదేరాలి.

బోర్లా పడుకోవడం సాధ్యం కావడం లేదు

గ్యాస్ పైకి తేలుతుంది. అది రంధ్రం ఉన్నచోట ఆని ఉండేలా వైద్యుడు బోర్లానో, ఒక పక్కకో పడుకోమంటాడు. గ్యాస్ ఉన్నన్నాళ్లూ వెల్లకిలా మాత్రం పడుకోకూడదు, ఎందుకంటే బుడగ లెన్సుకు తగిలి శుక్లం త్వరగా రావచ్చు, కంటిలో ఒత్తిడీ పెరగవచ్చు. మన ఇళ్లలోని నవారు మంచం ఇందుకు బాగా పనికొస్తుంది: తలవైపు రెండు మూడు వరుసల నవారు పక్కకు జరిపి ముఖం పట్టేంత సందు చేసి, అంచుల్లో మెత్తని తువ్వాలు మడిచి పెడితే బరువు నుదుటి మీద, గడ్డం మీద పడుతుంది, కంటికి ఏమీ తగలదు. మోచేతుల మీద భారం వేస్తే చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంది కనుక అక్కడా దిండు పెట్టాలి. గంటకొకసారి తల వంచుకునే లేచి నాలుగడుగులు నడవాలి.

కొండ ఎక్కగానే భరించలేని నొప్పి

ఆపరేషన్ బాగా జరిగితే తిరుమల వచ్చి తలనీలాలు ఇస్తామని మొక్కుకునేవారు మనలో ఎందరో. తిరుమల సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉంది, అరకు దాదాపు 900. ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి తగ్గి కంటిలోని గ్యాస్ వ్యాకోచిస్తుంది. నొప్పి పుట్టడమే కాక, రక్తప్రసరణ ఆగి చూపు శాశ్వతంగా పోవచ్చు. విమానం మరింత ప్రమాదకరం. గ్యాస్ పూర్తిగా పోయిందని వైద్యుడు చెప్పేదాకా మొక్కు వాయిదా వేసుకోవాలి. దారిలో నొప్పి మొదలైతే ఎక్కడం ఆపి వెంటనే కిందికి దిగి, దగ్గరలోని కంటి ఆసుపత్రికి వెళ్లాలి. ఈలోగా వేరే ఆపరేషన్ ఏదైనా అవసరమైతే, నైట్రస్ ఆక్సైడ్ ఇవ్వవద్దని మత్తు వైద్యుడికి ముందుగానే తెలియజేయాలి.

తలనొప్పి, వాంతి, దీపం చుట్టూ రంగుల వలయాలు

కంటి ఒత్తిడి పెరిగింది. సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల (పాదరస మట్టం) మధ్య ఉండవలసింది గ్యాస్ వల్ల, ఆయిల్ వల్ల, లేదా స్టెరాయిడ్ చుక్కల వల్ల పైకి పోతుంది. ఎక్కువ మైనస్ ఉన్నవారి కళ్లు స్టెరాయిడ్‌కు ఇలా స్పందించే అవకాశం ఇతరుల కన్నా ఎక్కువ, పైగా కొన్నిసార్లు ఏ బాధా లేకుండానే పెరుగుతుంది కనుక ఒత్తిడి కొలిచే తేదీలు తప్పించకూడదు. లక్షణాలు కనిపిస్తే ఆ రోజే చూపించుకోవాలి. చుక్కలు సొంతంగా ఆపడమూ తప్పే, చీటీ గడువు అయ్యాక కన్ను ఎర్రబడిందని మెడికల్ షాపులో అవే అడిగి కొనుక్కోవడమూ తప్పే.

నొప్పి పెరుగుతోంది, చూపు తగ్గుతోంది

మొదటి రోజుల్లో ఎరుపు, కుట్ల గరగర, రెప్పల వాపు సహజమే. అవి తగ్గుముఖం పట్టాలి. తగ్గిన నొప్పి తిరగబెట్టి, రెప్ప ఉబ్బి, పుసి కట్టి, చూపు పడిపోతుంటే కంటి లోపల ఇన్‌ఫెక్షన్ అని అనుమానించి గంటల్లో చేరాలి. కాలువ స్నానం, చేపల చెరువు పని, వైద్యుడు చెప్పేదాకా ముఖం మీదుగా తలస్నానం మానుకోవాలి. నందివర్ధనం పూల రసం గానీ, మరే పసరు గానీ ఆపరేషన్ అయిన కంటిలో వేయనే కూడదు. వంకాయ, గోంగూర తింటే చీము పడుతుందన్న పత్యానికి మాత్రం ఆధారం లేదు.

పాత అద్దాలు పనికిరావడం లేదు

ఇక్కడ నిజంగానే పవర్ మారింది, కానీ తొందరపడి కొత్త అద్దాలు చేయిస్తే డబ్బు దండగ. పట్టీ వేస్తే కన్ను పొడవు పెరిగి మైనస్ మరో 2, 3 డయాప్టర్ల (అద్దాల పవర్ కొలత) దాకా పెరగవచ్చు. ఆయిల్ ఉంటే దీనికి తలకిందులుగా మైనస్ సుమారు 5 తగ్గినట్టు కనిపించి, తీశాక మళ్లీ మారుతుంది. కన్ను కుదుటపడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. రెండు కళ్ల మధ్య తేడా ఎక్కువై తల తిరుగుతుంటే అద్దాల కన్నా కాంటాక్ట్ లెన్సు నయం, అదీ వైద్యుడు అనుమతించాకే. కొన్ని నెలల తరువాత అద్దం లేకుండా దగ్గరి అక్షరాలు తేలికగా చదవగలుగుతూ దూరం మసకైతే, అది ఆపరేషన్ తరువాత తరచుగా వచ్చే శుక్లం కావచ్చు. గడప, తలుపు అంచు వంకరగా కనిపించడం మాత్రం రెటీనా నడిమి భాగం ఊడినందువల్ల; ఏడాది వరకూ నెమ్మదిగా మెరుగుపడుతుంది, అయితే పూర్తిగా పోకపోవచ్చు.

రెండో కంట్లో మెరుపులు, కొత్త నల్ల చుక్కలు

మైనస్ పవర్ ఉన్న పొడవైన కంటిలో రెటీనా సాగి పలచబడే గుణం రెండు కళ్లకూ ఉంటుంది. కనుపాప పెద్దదయ్యే చుక్కల మందు వేసి రెండో కన్ను కూడా అంచుల దాకా పరీక్షించమని మొదటి సమీక్షలోనే అడగాలి. బలహీనమైన చోట లేజర్ అవసరమో కాదో వైద్యుడు నిర్ణయిస్తాడు. మెరుపులు మొదలయ్యాక అయితే సమీక్ష తేదీ కోసం ఎదురుచూడకుండా అదే రోజు వెళ్లాలి. చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కనుక తోడుగా ఒకరిని తీసుకువెళ్లాలి, బండి తాము నడపకూడదు.