రొప్పకుండా పరుగు నేర్చుకోవడం ఎలా?

కొత్త బూట్లు కొనడం, తెల్లవారకముందే అలారం పెట్టుకుని లేవడం, చెరువు గట్టు మీద రెండు నిమిషాలు పరుగెత్తి డొక్క పట్టుకుని బెంచీ మీద కూలబడటం. ఉద్యోగాలకని బెంగళూరు వచ్చిన మనవాళ్లలో చాలామందికి పరుగు ముచ్చట అక్కడితోనే తీరిపోతుంది. "మన స్టామినా ఇంతే" అనుకుని మానేస్తారు. స్టామినా సంగతి తర్వాత, ముందు స్పీడు చూడండి. స్కూల్లో వంద మీటర్ల పందెం తప్ప మనకు ఇంకో రకం పరుగు ఎవరూ నేర్పలేదు. అందుకే కాలు కదిపితే చాలు, ఆ స్పీడే వచ్చేస్తుంది.

దీనికి మందు మధ్యమధ్యలో నడవడమే. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పది వేల మీటర్లు పరుగెత్తిన అమెరికన్ జెఫ్ గాలొవే, 1970ల్లో కొత్తవాళ్లకు పరుగు నేర్పుతూ ఈ పద్ధతికి ఒక రూపం తెచ్చారు. ఒలింపిక్స్‌దాకా వెళ్లినాయనే నడవమంటుంటే మనకెందుకు మొహమాటం?

బయల్దేరే ముందు

షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, నలభై దాటి ఇన్నాళ్లూ కుర్చీకే అతుక్కుపోయినవాళ్లు ముందు డాక్టర్ని అడగండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు, షుగర్ పడిపోతే నోట్లో వేసుకోవడానికి జేబులో గ్లూకోజ్ బిళ్లలో పంచదారో పెట్టుకోవాలి.

బూట్లకు వేలకు వేలు పోయనక్కర్లేదు. పరుగు కోసమే చేసినవైతే చాలు. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కాబట్టి ఆ వేళకే షాపుకెళ్లి, నిలబడి చూసుకోండి. కాలి పొడవాటి వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేకపోతే నెల తిరక్కుండానే గోరు నల్లబడుతుంది.

చోటు విషయంలో మాత్రం రాజీపడొద్దు. మన ఫుట్‌పాత్‌ల మీద పరుగు నేర్చుకోవడమంటే కోరి చీలమండ మెలి తిప్పుకోవడమే. ఒక రాయి పైకి, ఒక రాయి కిందకి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్. సర్జాపుర రోడ్డు వైపువాళ్లకు కైకొండ్రహళ్లి చెరువు ఉంది, హెచ్ఎస్ఆర్ వాళ్లకు అగర చెరువు ఉంది, ఊరి నడిబొడ్డున కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ ఉన్నాయి. మట్టి దారి దొరికితే సిమెంటు దారి వదిలేయండి.

మొదటి రెండు వారాలు

వారానికి మూడు రోజులు చాలు, వరసగా వద్దు. సోమ, బుధ, శని అనుకోండి. ఐదు నిమిషాలు చురుగ్గా నడవండి. తర్వాత 30 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక. అలా పదిసార్లు, అంటే 20 నిమిషాలు. చివర్లో మళ్లీ ఐదు నిమిషాలు నడిచి ఆపండి. మాటిమాటికీ వాచీ చూసుకోనక్కర్లేదు. ఫోన్లో ఇంటర్వల్ టైమర్ యాప్ వేసుకుంటే అదే బీప్ కొట్టి చెబుతుంది.

ఇక్కడ అందరూ తడబడేది ఒక్కచోటే. మొదటి బీప్‌కి అసలు అలసటే ఉండదు. "బాగానే ఉన్నాం కదా, ఇంకాస్త పరుగెడదాం" అనిపిస్తుంది. వద్దు, నడవండి. అలసిపోయాక నడిస్తే కోలుకోవడానికే టైమంతా పోతుంది. అలసట రాకముందే నడిస్తే పదో పరుగు కూడా మొదటిదానిలాగే ఉంటుంది. ఈ పద్ధతి కిటుకంతా ఇదే, మిగతావన్నీ లెక్కలు.

ఇక స్పీడు. పరుగెడుతూ పదమూడో ఎక్కం పైకి చెప్పండి. "పదమూడు రెళ్లు ఇరవై ఆరు, పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది" అని ఒక్క ఊపిరిలో వస్తే సరైన స్పీడులో ఉన్నట్టే. "ఇరవై..." దగ్గరే ఊపిరి అందకపోతే తగ్గించండి. పక్కన చురుగ్గా నడిచే పెద్దాయన మిమ్మల్ని దాటి వెళ్లిపోయినా ఫర్వాలేదు. అడుగులు చిన్నవిగా వేయండి, భుజాలు వదులుగా ఉంచండి. పిడికిలి బిగిస్తే ఆ బిగువు మెడదాకా పాకుతుంది.

తర్వాత పెంచడం

మూడు, నాలుగు వారాల్లో నిమిషం పరుగు, నిమిషమున్నర నడక, ఎనిమిదిసార్లు. ఆపైన రెండు వారాలు 90 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక. అది కుదిరితే రెండు నిమిషాల పరుగుకు ఒక నిమిషం నడక, ఆ తర్వాత మూడుకి ఒకటి. కష్టంగా ఉంటే అదే వారం మళ్లీ చేయండి, ఎవరూ మార్కులు వేయరు. ఆఫీసు రిలీజు టెన్షన్‌లో పదిరోజులు మానేస్తే ఒక మెట్టు కిందకి దిగి మొదలుపెట్టండి.

ఊపిరి ముందే దారికొస్తుంది గానీ కాళ్లు ఆలస్యం చేస్తాయి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు, ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. అందుకే రెండో నెలలో "ఇప్పుడు బాగుంది" అని ఒక్కసారిగా పెంచేసినవాళ్లకు మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి పట్టుకుంటుంది. అది మొదలైతే ఆ వారం నడకే. ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అక్కడికక్కడే ఆపేయండి.

దారిలో వచ్చే తలనొప్పులు

డొక్కలో పొడిస్తే నడకలోకి దిగి, గాలి నిదానంగా, పూర్తిగా వదలండి. కడుపునిండా తిని పరుగెత్తితే ఇది తప్పదు. ముందు ఒక అరటిపండు చాలు. పరుగయ్యాక దర్శినిలో, అంటే నిలబడి టిఫిన్ తినే చిన్న హోటల్లో, ఇడ్లీ-వడ ఎలాగూ తింటారు (బెంగళూరులో సగంమంది పరుగెత్తేది దానికోసమేనని నా అనుమానం).

కుక్క వెంటబడితే పరుగు పెంచకండి. ఆగి, దాని కళ్లలోకి చూడకుండా మెల్లగా నడిచి దాటండి. కరిస్తే 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం వెళ్లాలి.

ఇంకోటి. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, పొద్దున్నే చల్లగా ఉంటుంది. వేసవి సెలవులకు విజయవాడో నెల్లూరో వెళ్లి ఇక్కడి లెక్కే అక్కడ పట్టుకుంటే ఉక్కపోతకు చుక్కలు కనిపిస్తాయి. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అక్కడ నడక రెట్టింపు చేసి, ఎండ ఎక్కకముందే ముగించండి.

20 నిమిషాలు నడవకుండా పరుగెత్తగలిగే రోజు వచ్చాక కూడా నడక మానాలని లేదు. 2008 నుంచి బెంగళూరులో జరుగుతున్న వరల్డ్ 10కె (పది కిలోమీటర్లు) లాంటి పరుగులో చేరాలనుకుంటే నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక లెక్క హాయిగా పనికొస్తుంది. అక్కడ జనం మధ్యలో ఉన్నట్టుండి ఆగకండి. ముందు చెయ్యెత్తి, రోడ్డు పక్కకు జరిగి, అప్పుడు నడక మొదలుపెట్టండి. లేదంటే వెనక వచ్చేవాళ్లు మీద పడతారు.