ఫీజు కంటే ముందు మెడికల్

ఇంటర్ ఎంపీసీ అయింది, ఇక పైలట్ అవ్వాలనుందా తమ్ముడూ? అయితే ఫ్లయింగ్ స్కూల్ ఫీజు జోలికి పోకుండా ముందు క్లాస్ 2 మెడికల్ (పైలట్లకు చేసే ఆరోగ్య పరీక్ష), ఆ వెంటనే క్లాస్ 1 చేయించుకో. అద్దాలతో చూపు సరిపోతే భయం లేదు. రంగుల తేడా తెలియకపోతేనే చిక్కు.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర పరీక్షల కోసం కంప్యూటర్ నంబర్ తీసుకుని నావిగేషన్ (దారి లెక్కలు), మెటియరాలజీ (వాతావరణం), రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు రాయాలి. పాస్ మార్కు 70 శాతం. నావిగేషన్ మాత్రం బట్టీ పడితే రాదు. పక్కగాలి తోస్తుంటే విమానం ముక్కు ఎన్ని డిగ్రీలు తిప్పాలో నువ్వే లెక్కకట్టాలి.

లైసెన్స్‌కు ఫ్లయింగ్ 200 గంటలు కావాలి, అందులో 100 పైలట్-ఇన్-కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత నీదే అన్నమాట. ఫ్లయింగ్ స్కూల్ బేగంపేటదైనా, ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌దైనా, బ్రోషర్ పక్కనపెట్టి హ్యాంగర్‌కెళ్లి ఎగిరే విమానాలెన్నో లెక్కపెట్టు. వానాకాలంలో గంటలు కదలవు మరి! డబ్బంతా ఒకేసారి కట్టకు. లైసెన్స్ వచ్చాక ఏ320 లాంటి ఒక్కో రకం పెద్ద విమానం నడపడానికి చేసే శిక్షణ, అదే టైప్ రేటింగ్, దాని ఖర్చు వేరే. ఆ సంగతి నాన్నకు ముందే చెప్పు.