కాలువ లైనింగ్ – ఐదో పాఠం: మందం పెంచితే నల్లరేగడి లొంగదు

నాలుగో పాఠం చివర ఇచ్చిన ఊట లెక్కకు, అంటే కాలువ నుంచి నేలలోకి ఇంకిపోయే నీటి లెక్కకు, వచ్చిన జవాబులు చూశాక, ఈసారి చెప్పాలనుకున్న దానిలో సగం పక్కన పెట్టాను. రావలసిన జవాబు 2.3. ఎక్కువ మందికి 2.55 వచ్చింది, కొందరికి 2.4. ఒకరికైతే 2,300 వచ్చింది. ఆయన బిందువును ఆయనే వెతుక్కుంటారని వదిలేస్తున్నాను. మిగిలినవారితోనే నా పేచీ.

లెక్క మరోసారి చూడండి. ఒక మేజరు కాలువ (ప్రధాన కాలువ నుంచి చీలే పెద్ద పాయ), అడుగు వెడల్పు 3 మీటర్లు, పక్కవాలు 1.5:1, అంటే మీటరు ఎత్తుకు 1.5 మీటర్ల అడ్డం. 60 మీటర్ల ముక్కకు రెండు చివరలా మట్టి అడ్డుకట్టలు వేసి 1.20 మీటర్ల లోతు నీరు నిలిపాం. 24 గంటల్లో మట్టం 22.8 సెంటీమీటర్లు పడింది. పక్కన పెట్టిన తొట్టిలో ఆవిరైనది 8 మిల్లీమీటర్లు. పది లక్షల చదరపు మీటర్ల తడి వైశాల్యానికి సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల ఊట?

2.4 వచ్చినవారు ఆవిరిని తీసేయడం మరిచారు. అంతే, వారితో పని అయిపోయింది.

2.55 వచ్చినవారు ఆవిరి తీసేశారు. 22 సెంటీమీటర్లను 0.22 మీటర్లు చేసి, నేను చెప్పిన అడ్డదారి గుణకం 11.57తో గుణించి ఊరుకున్నారు. ఆ గుణకం రోజుకు మీటర్లను మన ప్రమాణంలోకి మార్చడానికి మాత్రమే. అసలు పని దానికి ముందే ఉంది. పడింది నీటి పైమట్టం కాబట్టి, పోయిన నీటి పరిమాణం కావాలంటే పైవెడల్పుతో గుణించాలి. ఆ నీరు ఇంకింది మాత్రం అడుగు నుంచీ రెండు వాలుల నుంచీ. కాబట్టి భాగించవలసింది తడి చుట్టుకొలతతో. పైన ఒక వెడల్పు, కింద మరొకటి. రెండూ ఒకటే అనుకుంటే 2.55 వస్తుంది.

మట్టం పడుతూ వచ్చింది కనుక సగటు లోతు 1.086 మీటర్లు తీసుకోవాలి. ఆ లోతున పైవెడల్పు 6.26 మీటర్లు, తడి చుట్టుకొలత 6.92. నిష్పత్తి 0.905. 0.22ను దానితో గుణిస్తే రోజుకు 0.199 మీటర్లు, 11.57తో గుణిస్తే 2.3. ముక్క పొడవు 60 మీటర్లు అన్నది లెక్కలో ఎక్కడా వాడలేదని గమనించారా? పైనా కిందా ఉండి కొట్టుకుపోయింది. దాన్ని ఎక్కడ వాడాలో తెలియలేదని రాసినవారికి అదే సమాధానం.

పది శాతం తేడాకు ఇంత గొడవా అని అడిగారు. అదే కాలువలో 2 కిలోమీటర్లకు లైనింగ్, అంటే నీరు ఇంకకుండా అడుగుకూ వాలులకూ కాంక్రీటు పొర, వేయాలని అంచనా రాస్తున్నారనుకోండి. 1.20 మీటర్ల నిండు లోతుకు తడి వైశాల్యం సుమారు 14,650 చదరపు మీటర్లు. లైనింగ్ వేసిన కాలువకు డిజైన్‌లో మామూలుగా తీసుకునే ఊట ఇదే ప్రమాణంలో 0.6. తప్పు జవాబుతో అయితే సెకనుకు 28.6 లీటర్లు మిగులుతాయి, అంటే నిండుగా ఒక క్యూసెక్కు. సరైన జవాబుతో మిగిలేది 24.9 లీటర్లు, 0.88 క్యూసెక్కు. లేని 0.12 క్యూసెక్కును నమ్ముకుని చివరి తూము కింద ఎవరో నారు పోస్తారు. ఆ 0.6 కూడా అతుకులు బాగున్నంత కాలమే. పలకలు పగిలి, సందుల్లో తుంగ మొలిచిన కాలువకు అది వర్తించదు.

కాలువ పారుతుండగానే పైన ఒకచోట, కింద ఒకచోట ప్రవాహం కొలిచి తేడా తీసుకోవచ్చు కదా అన్నారు కొందరు. భారతీయ ప్రమాణం ఐఎస్ 9452 రెండో భాగం ఆ పద్ధతి గురించే. కానీ మన కాలువ నిండుగా పారితే సుమారు 100 క్యూసెక్కులు. 2 కిలోమీటర్లలో పోయేది 1.2. నీటి వేగం కొలిచే కరెంట్ మీటరు కొలతలో 5 శాతం పొరపాటు దొర్లితే 5 క్యూసెక్కులు. మనం వెతికే సంఖ్య ఆ పొరపాటు కిందే దాక్కుంటుంది. పొడవైన కాలువ ఉంటేనే ఆ పద్ధతి. చిన్న ముక్కకు నీరు నిలిపి కొలవడమే నాకు నమ్మకం. అందులోనూ ఎండిన కాలువ మొదటి రోజు దాహం కొద్దీ తాగుతుంది, ఆ రీడింగును పారేయండి. రెండో రోజు నుంచి రాసుకోండి.

ఊట అంతా నష్టమేనా అన్న ప్రశ్నకు ఇక్కడ పూర్తి జవాబు ఇవ్వను. హంద్రీ-నీవా కాలువకు లైనింగ్ అనగానే అనంతపురం ప్రాంతంలో రైతులు అడ్డుచెప్పారు. వాళ్ల బోర్లకు ఆ ఊటే ఆధారం. పక్కన జాలు పట్టి చౌడెక్కిన పొలం రైతు ఇందుకు సరిగ్గా ఎదురు మాట చెబుతాడు. లెక్క వేసేటప్పుడు ఇద్దరి పొలాలూ చూసి రండి.

ఇక నేటి పాఠం. కాంక్రీటు పాళ్లు, పోత, తడపడం నేను చెప్పను. మంచి మేస్త్రీకి అవి మనకంటే బాగా తెలుసు. నాకు విసుగు తెప్పించేది ఒకే మాట: "ఇక్కడ నల్లరేగడి కదండీ, కొంచెం మందం పెంచుదాం."

పెంచి ఏం చేస్తారు? 10 సెంటీమీటర్ల కాంక్రీటు పలక చదరపు మీటరుకు 240 కిలోల బరువు. దాని కింది నల్లరేగడి నీరు తాగి ఉబ్బేటప్పుడు పైకి తోసే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో అనుకుందాం. ఇది పెద్ద అంకె కాదు, ఇంతకు ఎన్నో రెట్లు ఉబ్బే నేలలున్నాయి. ఒక కిలో అంటే చదరపు మీటరుకు 10,000 కిలోలు. దాన్ని బరువుతో అణచాలంటే పలక మందం 4 మీటర్లు దాటాలి. మీరు 10ని 12 చేస్తారు, ధైర్యం చేస్తే 15. పొంగే పిండి మీద పళ్లెం మార్చినట్టే ఉంటుంది. పలక లేస్తుంది, అతుకు విచ్చుకుంటుంది, ఆ అతుకులోంచి నీరు దిగి ఇంకా ఉబ్బుతుంది. వేసవిలో కాలువకు నీరు ఆపేశాక అదే మట్టి బీటలు వారి కుంగితే, కింద బోలు పడి పలక మధ్యలో విరుగుతుంది. మందపాటి పలక విరిగితే పెద్ద ముక్కలు వస్తాయి, తేడా అంతే.

ఇనుప జాలీ వేస్తే? విరిగిన ముక్కలు ఒకదానికొకటి వేలాడుతూ ఉంటాయి. కింద ఇసుక పోస్తే? ఇది ఇంకా చెడ్డది. ఇసుక నీటిని అడ్డుకోదు, పైగా రేగడి దాకా దారి చూపిస్తుంది. దానికి పట్టు లేదు, ఉబ్బే మట్టి దాన్ని పక్కకు తోసుకుని పైకి వస్తుంది.

దీనికి విరుగుడు ఐఐటీ బొంబాయిలో ఆచార్య ఆర్.కె. కట్టి చూపించారు. ఆయన ప్రయోగాల సారం ఇది: రేగడి నేలలో సుమారు మీటరు లోతు దాటితే, తడిసినా మట్టి దాదాపు ఉబ్బదు. ఆ మీటరు మట్టి బరువు చదరపు సెంటీమీటరుకు 0.2 కిలో కూడా లేదు. అంటే అణచేది బరువు కాదు, పై పొర రేణువుల మధ్య పుట్టే పట్టు. అలాంటి పట్టు ఉండి, తాను మాత్రం ఉబ్బని మట్టిని లైనింగ్ కింద వేస్తే సరి. పనిచోట దాన్ని సీఎన్ఎస్ (కొహెసివ్ నాన్-స్వెల్లింగ్) మట్టి అంటారు. మన దగ్గర కొంత జిగి ఉన్న ఎర్ర గ్రావెల్, మొరం తరచుగా ఇందుకు పనికొస్తాయి, పరీక్ష చేయించాకే. కర్ణాటకలో మలప్రభ కుడి కాలువ మీద ఈ పద్ధతి వాడారు. తర్వాత ఐఎస్ 9451లో చేరింది. సెకనుకు 2 ఘనపు మీటర్లు దాటి పారే కాలువలకు ఉబ్బు ఒత్తిడిని బట్టి ఈ పొర 75 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఉంటుంది.

ఇందులోనూ ఒక మోసం ఉంది. వాలు మీద పొర మందాన్ని వాలుకు లంబంగా కొలవాలి. 1.5:1 వాలులో టేపును అడ్డంగా పట్టి 75 సెంటీమీటర్లు చూపిస్తే, నిజంగా ఉన్నది 42 మాత్రమే. బిల్లులో 75 అని రాస్తారు, రేగడి 42 అని చదువుకుంటుంది. వాలును మెట్లుగా కోసి, పొరను పలుచటి వరుసలుగా తడిపి రోలరుతో తొక్కించాలి. లారీ నుంచి వాలు మీదకు దొర్లించి పారతో సర్దితే పని కాదు.

మట్టి ఉబ్బుతుందో లేదో ఇంటి దగ్గరే చూడవచ్చు. ఎండబెట్టి దంచి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టి పది పది గ్రాములు రెండు 100 మిల్లీలీటర్ల కొలజాడీల్లో పోయండి. ఒకదానిలో డిస్టిల్డ్ వాటర్, మరొకదానిలో కిరోసిన్. గాలి బుడగలు పోయేలా గాజుకడ్డీతో కలిపి 24 గంటలు కదపకండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, అడుగున గట్టిగా, అంచు స్పష్టంగా కూర్చుంటుంది. నీటి జాడీలో నల్లటి గుజ్జు పైకి ఎగబాకి, పై అంచు మెత్తగా పొగలా ఉంటుంది. ఆ అంచును కంటి ఎత్తులో పెట్టి చదవండి. కిరోసిన్‌లో 11, నీటిలో 21 వస్తే తేడా 10, దాన్ని 11తో భాగిస్తే 91 శాతం. 50 దాటితే ఆ నేల మీద నేరుగా లైనింగ్ మాట ఎత్తవద్దు. ఉబ్బు ఒత్తిడి ఎంతో ప్రయోగశాలలో తేల్చుకోవాలి, ఈ శాతం దానికి బదులు కాదు.

అభ్యాసం. మీకు దగ్గర్లోని కాలువ గట్టు పక్కన పైన, అర మీటరు లోతున, మీటరు లోతున మట్టి తీసి మూడింటికీ ఈ పరీక్ష చేయండి. తర్వాత పైన చెప్పిన 3 మీటర్ల మేజరుకే 85 సెంటీమీటర్ల సీఎన్ఎస్, దాని మీద 10 సెంటీమీటర్ల కాంక్రీటు వేయాలంటే, రెండూ వాలుకు లంబంగానే కొలిస్తే, పూర్తయిన కాలువ పాత కొలతల్లోనే ఉండాలంటే, అడుగు ఎంత లోతుకు, పక్కలు నీటిమట్టం దగ్గర ఎంత వెడల్పుకు తవ్వాలో లెక్కించండి. కిలోమీటరుకు ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తవ్వాలి, ఎన్ని ఘనపు మీటర్ల సీఎన్ఎస్ తేవాలి? గట్టు పైభాగాన్ని ఈసారికి వదిలేయండి, నీటిమట్టం దాకా చాలు. వదులు మట్టికీ తొక్కించిన మట్టికీ తేడా చూసుకోండి, లారీ లెక్క తప్పేది అక్కడే.

ఆరో పాఠం లైనింగ్ వెనక చేరే నీటి గురించి, దాన్ని బయటికి తీయడానికి లైనింగ్ కింద పెట్టే, ఐఎస్ 4558 చెప్పే డ్రెయిన్ల గురించి. దానికి ముందు, మీ కాలువకు నీరు ఆపేసిన వారంలో ఒకసారి గట్టు వెంట నడిచి, ఏ పలకలు లేచాయో, అవి తవ్వు భాగంలో ఉన్నాయో కట్ట భాగంలో ఉన్నాయో రాసుకుని ఉంచండి.