పాత హాస్య బృందం మళ్లీ కలిసి ఆడుతోందా? టికెట్ నుంచి తిరుగు రైలు దాకా

2014లో బ్రిటిష్ హాస్య బృందం మాంటీ పైథాన్ లండన్ ఓ2 అరీనాలో ఆడుతోందనగానే మొదటి రాత్రి టికెట్లు 43.5 సెకన్లలో అయిపోయాయి. అందరికీ గుర్తుండిపోయింది ఆ అంకె. కానీ వెంటనే అదనపు రోజులు కలిపారు, జూలై 1 నుంచి 20 మధ్య మొత్తం పది ప్రదర్శనలు జరిగాయి. చివరి రాత్రి ఆటను చాలా దేశాల సినిమా హాళ్లలో ప్రత్యక్షంగా చూపించారు. ఆ రోజు ఆడిన ఐదుగురిలో టెర్రీ జోన్స్ 2020లో పోయారు, కాబట్టి ఆ ఐదుగురూ ఇక కలిసి కనపడరు. ఇంకో పాత బృందం ఇలా ఓ2లో కలిస్తే మాత్రం వాయిదా వేయకండి, వెళ్లండి.

మొదటి రోజు దొరకలేదని కంగారుపడి బ్లాక్ మార్కెట్లో కొనొద్దు. అదనపు రోజులు ప్రకటిస్తారేమో ఆగి చూడండి. మారుబేరంలో కొనక తప్పకపోతే సీటున్న బ్లాకు (హాల్లో విభాగం), వరుస, సీటు నంబరు, అసలు ధర చూపించారో లేదో చూడండి. బ్రిటన్ చట్టం ప్రకారం అవి చూపించాలి. చూపించని చోట డబ్బు పెట్టకండి.

ఓ2 టికెట్లు ఏఎక్స్ఎస్ సైటులో అమ్ముతారు. ముందురోజే ఖాతా తెరిచి కార్డు వివరాలు పెట్టుకోండి. క్యూలో ఉన్నప్పుడు పేజీ రిఫ్రెష్ చేయొద్దు, మీ స్థానం పోవచ్చు. ఇండియా నుంచి కొనేవాళ్లకు రెండుచోట్ల దెబ్బ పడుతుంది. ఒకటి టైము: లండన్‌లో ఉదయం 10 అంటే మనకు వేసవిలో మధ్యాహ్నం 2:30, చలికాలంలో 3:30. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో అక్కడ గడియారాలు మారుస్తారు. రెండోది కార్డు: బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేసి, పరిమితి సరిపోతుందో లేదో చూసుకోవాలి. ఓటీపీ వచ్చే ఫోను మీ చేతిలోనే ఉండాలి. నాన్న కార్డుతో కొంటుంటే ఓటీపీ ఊళ్లో ఆయన ఫోనుకు వెళ్తుంది. ఆయన కళ్లజోడు వెతుక్కునేలోపు సీట్లు చేజారిపోతాయి. విజిటర్ వీసాకు ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, అదీ లెక్కేసుకోండి.

సీటు ఎంపికలో పొదుపు కంటే చూపు ముఖ్యం. హాస్యం సగం కనుబొమల్లోనే ఉంటుంది. ఫ్లోర్ సీట్లు ఖరీదైనవే అయినా నేల చదునుగా ఉంటుంది, ముందు పొడుగాయన కూర్చుంటే అంతే సంగతులు. 400 నంబర్ల బ్లాకులు బాగా ఎత్తులో, నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులు, కళ్లు తిరగడం ఉన్నవాళ్లకు పనికిరావు. స్టేజీకి ఏటవాలుగా ఉన్న 100 నంబర్ల బ్లాకుల్లో ముందు వరుసలు అన్నిటికన్నా మేలు. స్టేజీకి పూర్తిగా పక్కన ఉన్నవాటి నుంచి పెద్ద తెర సరిగా కనపడదు.

వెళ్లే ముందు వారం వాళ్ల పాత స్కెచ్‌లు (చిన్న హాస్య సన్నివేశాలు) సబ్‌టైటిల్స్‌తో చూడండి. ఇది తప్పనిసరి. ఇలాంటి ఆటల్లో చాలావరకు పాతవే వేస్తారు. నటుడు అడుగుపెట్టగానే హాలు నవ్వేస్తుంది, ఆ నవ్వులో మాటలు మునిగిపోతాయి. ముందే తెలిస్తే ఏమీ పోదు. తెలుసు కదా అని డైలాగు మీరే ముందుగా అరిచేయకండి, పక్కవాళ్లు వచ్చింది ఆయన నోట వినడానికి.

డెబ్బై దాటిన నటులు రెండు స్కెచ్‌ల మధ్య దుస్తులు మార్చుకోవాలి, ఊపిరి పీల్చుకోవాలి. అందుకే మధ్యలో డాన్సులు, పాత టీవీ ముక్కలు వేస్తారు. సినిమాలో పాట రాగానే లేచి వెళ్లినట్టు అప్పుడు బయటికి వెళ్లకండి. 1989లో చనిపోయిన మాంటీ పైథాన్ ఆరో సభ్యుడు గ్రాహం చాప్‌మన్‌ను 2014 ఆటలో ఆ పాత ముక్కల్లోనే చూడగలిగారు.

ఏ4 కాగితం కంటే పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది, కోడ్ మారుతూ ఉంటుంది కాబట్టి స్క్రీన్‌షాట్ చెల్లదు. యాప్ ఇంట్లోనే తెరిచి చూసుకోండి, ఛార్జింగ్ నిండా పెట్టుకోండి. లండన్ మెట్రో జూబిలీ లైన్‌లో నార్త్ గ్రీనిచ్ స్టేషన్‌లో దిగాలి. గంట ముందు చేరండి.

ఆట అవగానే వేలమంది ఆ ఒక్క స్టేషన్ మీదే పడతారు. తెలుగువాళ్లు చాలామంది ఉండే ఈస్ట్ హామ్‌కు వెళ్లాలంటే స్ట్రాట్‌ఫర్డ్ వైపు రైలెక్కి, రెండో స్టేషన్ వెస్ట్ హామ్‌లో డిస్ట్రిక్ట్ లైన్‌కు మారండి. శుక్ర, శనివారాల్లో జూబిలీ రాత్రంతా నడుస్తుంది. డిస్ట్రిక్ట్ నడవదు, కాబట్టి దాని ఆఖరి రైలు టైము ముందే చూసి పెట్టుకోండి.