వాయుగుండం పట్టకముందే అక్వేరియం ఫిల్టర్ సంగతి చూసుకోండి

నెల్లూరోళ్లకి అసలు వానాకాలం జూన్‌లో రాదు, దీపావళి అటూ ఇటూగా మొదలవుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో ఎక్కడ అల్పపీడనం పుట్టినా మన కళ్లు టీవీ మీదే. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మన జిల్లాని తడిపి ముద్ద చేసింది. అలాంటి ముసురులో బియ్యం, పాల ప్యాకెట్లు, కొవ్వొత్తులు అందరూ ముందే చూసుకుంటారు. హాల్లో ఉన్న చేపల తొట్టి గుర్తొచ్చేసరికి కరెంటు పోయి ఉంటుంది.

ముందే గుర్తొచ్చిన వాళ్లలో కొందరు అంతకంటే పెద్ద పని పెట్టుకుంటారు. తుఫాను వస్తోందని చెప్పి నీళ్లన్నీ తోడేసి, గులకరాళ్లు గంపలో పోసి కడిగి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి మురికి చుక్క లేకుండా పిండేస్తారు. ఆ పూటకి తొట్టి చూడముచ్చటగానే ఉంటుంది. రెండు మూడు రోజులకి నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడతాయి. ఎందుకంటే ఆ స్పాంజికి పట్టిన గోధుమరంగు జిగటలోనే అసలు పనివాళ్లు ఉంటారు. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కాపురం అక్కడే. కుళాయి నీళ్లలోని క్లోరిన్ తగిలితే అవి చస్తాయి. అవి మళ్లీ నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది. సరిగ్గా ఆ వారాల్లోనే కరెంటు కోతలు, బురద నీళ్లు వచ్చి పడతాయి. నీళ్లు తేటగా కనిపించడం వేరు, చేపకి మంచివి కావడం వేరు. అమ్మోనియాకి రంగు లేదు.

కాబట్టి ఫిల్టర్ శుభ్రం చేసే పని వానలు పట్టకముందే, వాతావరణం తెరిపిగా ఉన్నప్పుడే ముగించుకోవాలి. తొట్టిలోంచి తీసిన నీళ్లు ఒక బకెట్లో పోసి, అందులోనే స్పాంజిని రెండు మూడు సార్లు మెల్లగా నొక్కి వదలండి. ఫిల్టర్ నుంచి నీటి ధార మళ్లీ బాగా వస్తే చాలు, స్పాంజి తెల్లబడక్కర్లేదు. రెండు స్పాంజిలున్న ఫిల్టరైతే ఈసారి ఒకటి, పదిహేను రోజులాగి రెండోది. మోటార్ మాత్రం మొహమాటం లేకుండా కడగండి. ప్లగ్ పీకి, మూత తీసి, లోపల తిరిగే చిన్న రెక్కల అయస్కాంతాన్ని బయటికి లాగితే దాని చుట్టూ జిగట, ఒక్కోసారి తల వెంట్రుక కూడా చుట్టుకుని ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో దాన్నీ, అది కూర్చునే గుంతనీ తోమితే సగం ఫిల్టర్ల గరగర శబ్దం అక్కడికక్కడే ఆగిపోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు తిరగకుండా మొరాయించేవి కూడా ఎక్కువగా ఈ జిగట పట్టినవే.

హెచ్చరిక వచ్చాక ఇక స్పాంజి జోలికి పోవద్దు. ఆ రోజు చేయాల్సింది నీళ్ల పని. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి, రాళ్లూ పైన ఖాళీ పోను 45 అనుకోండి. అందులో నాలుగో వంతు, అంటే ముక్కాలు బకెట్ నీళ్లు, రాళ్ల మధ్య మడ్డితో సహా పైపుతో లాగేసి మంచి నీళ్లు పోయండి. అప్పుడే ఒకటి రెండు డ్రమ్ములు నిండా నీళ్లు పట్టి మూత పెట్టుకోండి. గండం దాటేదాకా అవే మీ నిల్వ. వరద వచ్చాక కుళాయిలో వచ్చేది ఎర్రటి నీళ్లు, లేదా బ్లీచింగ్ వాసన కొట్టే నీళ్లు. తాగే నీళ్లకి బ్లీచింగ్ వెయ్యాల్సిందే, చేపకే అది పడదు. తప్పనిసరై అవే వాడాల్సి వస్తే అక్వేరియం కొట్లలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసిన కొలత ప్రకారం వేసి, తర్వాతే తొట్టిలో పోయాలి.

బురద నీళ్లు తేరడానికి మన ఇళ్లలో పటిక తిప్పడం, చిల్లగింజ అరగదీసి కలపడం అలవాటే. తొట్టిలో మాత్రం ఆ పని చేయొద్దు. పటిక నీటిలోని క్షారతని తినేసి పీహెచ్‌ని కిందికి లాగుతుంది, అంటే నీళ్లు ఆమ్లం వైపు జారతాయి. బురద నీళ్లని విడిగా డ్రమ్ములో కదపకుండా ఒక రోజు ఉంచి పైతేట మాత్రం తీసుకోండి. డాబా మీద పడే వాన నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని సంబరపడి పోసేవాళ్లూ ఉన్నారు. మన ఉప్పు బోరు నీళ్లకి అలవాటు పడ్డ చేపకి లవణాలే లేని ఆ నీళ్లు ఒక్కసారిగా పడితే తట్టుకోవడం కష్టం.

ఇక కరెంటు. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర అర్ధరాత్రి కరెంటు పోతే కాపలా మనిషి ముందు ఉరికేది జనరేటర్ దగ్గరికే. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుందనీ, తెల్లారేసరికి పంట పోతుందనీ అతనికి తెలుసు. ఇంట్లో తొట్టికీ లెక్క అదే, కాకపోతే గుంట చిన్నది. చిన్న ఎయిర్ పంపు కరెంటు తినేది ఐదు వాట్ల లోపే, ఇన్వర్టర్ మీద రాత్రంతా నడుస్తుంది. దాన్ని ఇన్వర్టర్ లైనుకి మార్చుకోండి. హీటర్‌ని మాత్రం ఆ లైనుకి ఇవ్వొద్దు, బ్యాటరీ తాగేస్తుంది. ఇన్వర్టర్ లేనివాళ్లకి చార్జింగ్ ఎయిర్ పంపులు దొరుకుతున్నాయి. పంపు తొట్టి నీటి మట్టానికి పైన ఉండాలి, లేదా గాలి ట్యూబుకి చెక్ వాల్వ్ (నీళ్లని వెనక్కి రానివ్వని చిన్న బిరడా) వేయాలి. లేకపోతే కరెంటు పోగానే నీళ్లు ట్యూబులోంచి వెనక్కి జారి పంపులోకి, అక్కడి నుంచి స్విచ్‌బోర్డులోకి కూడా పోవచ్చు.

ఏమీ లేకపోతే చెంబు ఉంది. తొట్టి నీళ్లే ముంచి జానెడు పైనుంచి పోస్తూ ఉండండి, అరగంటకోసారి ఐదారు చెంబులు. మేత ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు మూడు రోజులు తినకపోతే ఏమీ కాదు, మిగిలిన మేత కుళ్లితేనే అవుతుంది. మా ఇంట్లో దీని మీద పెద్ద పంచాయితీ. "పాపం, ఆకలికి మూతులు తెరుస్తున్నాయిరా అబ్బయ్యా" అని అమ్మ గింజలు వేయబోతుంది. పైకొచ్చి నోరు తెరిచేది ఆకలికి కాదు, గాలికి.

మూసి ఉండే డబ్బా ఫిల్టర్, వెనక తగిలించే ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపల నిలిచిన నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చస్తుంది. కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లన్నీ ఒక్కసారి తొట్టిలోకి వస్తాయి. అందుకే కోత పెద్దదని తెలియగానే స్పాంజిని తీసి తొట్టిలోనే వేసేయండి. ప్లగ్ పీకేయండి. కరెంటు నిలకడగా వచ్చాక డబ్బాని తొట్టి నీళ్లతో కడిగి, స్పాంజి పెట్టి, అప్పుడు స్విచ్ వేయండి. అది వేసేటప్పుడు చేతులు తడి లేకుండా చూసుకోవాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

చాలామంది పట్టించుకోనిది దోమల మందు. వానలు పడ్డాక కాయిల్, లిక్విడ్, స్ప్రే లేని ఇల్లు ఉండదు. వాటిలో ఉండే పైరిత్రాయిడ్ మందులు మనకంటే చేపకి చాలా ఎక్కువ విషం. ఎయిర్ పంపు పీల్చేది గదిలో గాలినే, ఆ మందుని బుడగలతో సహా నీళ్లలో కలిపేస్తుంది. తొట్టి ఉన్న గదిలో అవి వాడొద్దు, దోమతెర కట్టుకోండి. వీధిలో ఫాగింగ్ బండి చప్పుడు వినపడితే కిటికీలు మూసి, ఎయిర్ పంపు కట్టేసి, తొట్టి మీద తడిగుడ్డ కప్పి, పొగ తేలిపోయాక తీయండి.

ఇంట్లోకి నీళ్లొచ్చే వీధిలో ఉంటే నిండు తొట్టిని ఎత్తే సాహసం చేయొద్దు. నీళ్లే యాభై కిలోలు, అతుకులు ఊడతాయి. చేపల్ని తొట్టి నీళ్లతోనే మూతున్న బకెట్‌లోకి మార్చి, స్పాంజి కూడా అందులోనే వేసి పైకి పట్టుకెళ్లండి. చూసుకోలేమని స్వర్ణాల చెరువులోనో కాలవలోనో వదలడం మాత్రం వద్దు. తొట్లలోంచి బయటపడ్డ సక్కర్ చేపలతో జాలర్ల వలలు చిరుగుతున్నది చాలు.

ముసురు విడిచాక మొదటి వారం మేత సగమే వేయండి. నీళ్లు తెల్లబడినా, చేపలు మొప్పలు వేగంగా ఆడిస్తున్నా రోజూ ఐదో వంతు నీళ్లు మార్చండి. మన బోరు నీళ్లలా పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో అమ్మోనియా ఇంకా ఘాటు. అనుమానంగా ఉంటే కడిగిన సీసాలో తొట్టి నీళ్లు పట్టుకుని దగ్గర్లోని ఆక్వా ల్యాబ్‌కి వెళ్లండి. రొయ్యల గుంటల నీళ్లు చూసే వాళ్లే ఇవీ చూసి అమ్మోనియా ఎంతుందో చెబుతారు.