వానలు దిగేలోపు యాష్ ట్రేల షోకేస్ సర్దుకోండి

తిరుపతిలో గట్టి వానలు దంచేది ఎక్కువగా అక్టోబర్, నవంబర్ నెలల్లోనే. ఈశాన్య రుతుపవనాలకు బంగాళాఖాతంలో ఒక వాయుగుండం తోడైతే ఉతికిన బట్టలు కూడా ఆరవు. దీపావళి దులుపుళ్లు వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. పాత క్యాసినో యాష్ ట్రేలు సేకరించి హాల్లో పెట్టుకున్నవాళ్లకు ఏడాదిలో అసలైన టెన్షన్ ఈ రెండు నెలలే.

వీటి విలువ గాజులో కన్నా దాని మీద అచ్చేసిన పేరులోనే ఎక్కువ. అమెరికాలోని లాస్ వెగాస్‌లో 1952లో తెరిచిన శాండ్స్ క్యాసినోను 1996లో కూల్చేశారు. అక్కడిదే 1955 నాటి డ్యూన్స్‌ క్యాసినో 1993లోనే నేలమట్టమైంది. స్టార్‌డస్ట్ క్యాసినో 2006లో మూతపడింది. అక్కడి టేబుళ్ల మీద తిరిగిన వస్తువు మన ఇంటిదాకా వచ్చిందంటే నిజంగా అపురూపమే. ఆ అక్షరాలు చెరిగిపోతే మళ్లీ వేయించుకోలేం.

అందుకే పండగ శుభ్రతలో వీటిని అంట్లతో కలపొద్దు. పేరు మీద వేలితో మెల్లగా తడిమి చూడండి. చాలావాటికి సన్నటి ఎత్తు తగులుతుంది, ఆ ఎత్తే గాజు పైన అచ్చేసిన రంగు. పీచు, సబ్బు పొడి, నిమ్మచెక్క ఏది రుద్దినా ముందు పోయేది ఆ రంగే, అందులోనూ బంగారు గీతలు. టబ్బు అడుగున తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, ఒక్కొక్కటే మెత్తటి నూలుగుడ్డతో కడగండి. సిగరెట్ ఆనించే గాడిలో పట్టిన నల్లటి మరకకు తడి దూదిపుల్ల చాలు. కాగే నీళ్లు మాత్రం పోయకండి, మందపాటి గాజు ఒక్కసారిగా వేడెక్కితే చిట్లిపోతుంది.

తర్వాత చూడాల్సింది గోడ. కింద పడి పగిలేవాటి గురించే అందరం భయపడతాం గానీ, నా దృష్టిలో చెమ్మ అంతకన్నా మొండిది. షోకేస్ వెనక చెయ్యి పెట్టి తాకండి. సున్నం పొక్కి తెల్లటి పొడి రాలుతుంటే ఆ గోడ నీళ్లు పీలుస్తోందన్నమాట. అక్కడ స్క్రూలు వదులవుతాయి, ప్లైవుడ్ అర ఉబ్బి వంగుతుంది. బరువైన గాజంతా దాని మీదే ఉంది కదా! వీలైతే షోకేస్‌ను లోపలి గోడకు మార్చండి, లేదంటే వెనక గాలి ఆడేంత సందైనా వదలండి. రేకు యాష్ ట్రేలు తుప్పు పడతాయి కాబట్టి వాటిని పొడిగా తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. 2021 నవంబర్‌లో ఊళ్లోకి నీళ్లొచ్చిన సంగతి గుర్తుందిగా, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్లు షోకేస్‌లో అన్నిటికన్నా కింది అరను ఖాళీ చేసేయడం మంచిది.

ఒకదానిలో ఒకటి దొంతి పెట్టొద్దు, పై దాని అడుగు కింది దాని పేరును గీకేస్తుంది. చుట్టాలొచ్చినప్పుడు ముచ్చటపడి మిక్చరో జీడిపప్పో పోసి ఇవ్వకండి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు.

దీపావళి రాత్రి వీధిలో లక్ష్మీబాంబు పేలితే గాజు అరలు అదురుతాయి. ఆ రోజుకైనా యాష్ ట్రేలను అంచు నుంచి లోపలికి జరిపి, కింద పలచటి రబ్బరు మ్యాట్ వేయండి. జారకుండా ఉంటుందని అడుగున డబుల్ టేప్ మాత్రం అంటించొద్దు. కొన్నిటికి అచ్చు అడుగువైపే ఉంటుంది, టేప్ లాగితే రంగుతో సహా ఊడొస్తుంది.